జెండా ఎగరేసే హక్కు, ఎగరేయకుండా ఉండే స్వేచ్ఛ: విశాఖ నుంచి ఒక పరిశీలన

ఆగస్టు రెండో వారం రాగానే జగదాంబ సెంటర్ నుంచి గాజువాక దాకా ప్రతి కూడలిలోనూ మూడు రంగుల జెండాలు అమ్మకానికి వస్తాయి. ఆటోల అద్దాల మీద, మోటారు సైకిళ్ళ హ్యాండిళ్ళకు, బీచ్ రోడ్డులో నడిచే పిల్లల చేతుల్లో అవి కనిపిస్తాయి. జెండాలతో పాటే ఏటా ఒక వాదన కూడా ఊళ్ళోకి వస్తుంది. ప్రతి ఇంటి మీదా జెండా ఉండి తీరాలని కొందరు అంటారు. జెండాను ఇలా వీధిపాలు చేయడమే అగౌరవమని మరికొందరు బాధపడతారు. దేశం మీద ప్రేమను ఊరందరికీ చూపించాలా అని ఇంకొందరు ప్రశ్నిస్తారు. ఈ ముగ్గురిలో దేశమంటే ప్రేమ లేనివారు ఎవరూ లేరని నా నమ్మకం. మరి ఇంత కోపంగా ఎందుకు వాదించుకుంటున్నారంటే, మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా ముడివేయడం వల్ల. చట్టం దేనికి అనుమతిస్తుంది, దేన్ని నిషేధిస్తుంది అన్నది మొదటి ప్రశ్న. జెండా విషయంలో పాటించవలసిన మర్యాద ఏమిటన్నది రెండోది. జెండా కట్టడం, కట్టకపోవడం ఒక మనిషి దేశభక్తికి కొలమానమా అన్నది మూడోది. మొదటిదానికి స్పష్టమైన సమాధానం ఉంది, రెండోదానికి చాలావరకు ఉంది. మూడోదాన్ని మాత్రం మన చట్టం ఉద్దేశపూర్వకంగానే తన చేతిలోకి తీసుకోలేదు. అలా తీసుకోకపోవడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించిన సంగతి తెలుగువారందరికీ తెలిసినదే. అంతగా గుర్తుకు రానిది, అదే జెండాకు రాజ్యాంగ సభలో అర్థం చెప్పిన మనిషికి విశాఖతో ఉన్న సంబంధం. 1947 జూలై 22న నెహ్రూ జెండా తీర్మానాన్ని ప్రవేశపెట్టినప్పుడు, దాని రంగులను వివరించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకు ముందు 1931 నుంచి 1936 దాకా వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు (ఆంధ్ర విశ్వవిద్యాలయానికి) వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. కాషాయాన్ని ఆయన ఏ మతానికీ ముడిపెట్టలేదు, అది నాయకులలో ఉండవలసిన త్యాగానికి, నిర్లిప్తతకు గుర్తన్నారు. తెలుపును సత్యమార్గపు వెలుగుగా, ఆకుపచ్చను నేలతోనూ మొక్కతోనూ మనకున్న సంబంధంగా, చక్రాన్ని ధర్మానికీ చలనానికీ ప్రతీకగా వర్ణించారు. మూడు రంగులను మూడు మతాలుగా విడదీసి చెప్పే అలవాటు ఈనాటికీ మన ఉపన్యాసాల్లో పోలేదు కాబట్టి, ఈ వివరణను బడిపిల్లలకు మళ్ళీ మళ్ళీ వినిపించాలి.

స్వాతంత్ర్యం వచ్చాక చాలా దశాబ్దాల పాటు సామాన్య పౌరుడు ఏడాదిలో కొన్ని ప్రత్యేక దినాల్లో తప్ప తన ఇంటి మీద జెండా ఎగరేయడానికి వీలు లేదు. నేటి అభిప్రాయభేదాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది. కలెక్టరు కార్యాలయం మీద, కోర్టు మీద, ఆగస్టు 15న బడిలో మాత్రమే జెండాను చూస్తూ పెరిగినవారికి అది ప్రభుత్వానికి చెందిన వస్తువు, దూరంగా నిలబడి నమస్కరించవలసిన వస్తువు. అందుకే డెబ్బై ఏళ్ళ పెద్దాయనకు మోటారు సైకిల్ మీద రెపరెపలాడే జెండా మనసుకు కష్టంగా తోస్తుంది. 2005 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌తో విశాఖలో జరిగిన మ్యాచ్‌లో ధోనీ 148 పరుగులు చేసిన నాటికి పదేళ్ళున్న కుర్రవాడికి మాత్రం మధురవాడ స్టేడియంలో చెంప మీద మూడు రంగులు దిద్దుకోవడం ఊపిరి పీల్చుకున్నంత సహజం. ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడాను తరాల మధ్య భక్తిలో వచ్చిన తేడాగా చూడడం పొరపాటు. ఇద్దరూ తమ తమ బాల్యంలో అమల్లో ఉన్న నిబంధనలనే మనసులో మోస్తున్నారు.

ఆ నిబంధనలు మారిన వైనం ఇది. 1990ల మొదట్లో పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ నేటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న రాయగఢ్‌లోని తన కర్మాగారంలో జెండా ఎగరేస్తే అధికారులు అభ్యంతరం చెప్పారు. ఆయన ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళి 1995లో గెలిచారు, కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కేసు నడుస్తూ ఉండగానే పాత నిబంధనల స్థానంలో కొత్త పతాక నియమావళి 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చి, సామాన్య పౌరులు ఏ రోజైనా జెండా ఎగరేయడానికి దారి ఇచ్చింది. 2004 జనవరి 23న సుప్రీంకోర్టు తుది తీర్పు చెబుతూ, జెండాను గౌరవ మర్యాదలతో ఎగరేయడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద పౌరుడికి ఉన్న ప్రాథమిక హక్కు అని, అయితే ఆ హక్కు సహేతుకమైన పరిమితులకు లోబడి ఉంటుందని తేల్చింది. 19(1)(ఎ) అంటే భావప్రకటన స్వేచ్ఛ. జెండా కట్టడం ఒక భావప్రకటన అని మన అత్యున్నత న్యాయస్థానం చెప్పిందన్న మాట. భావప్రకటన మనిషి తన ఇష్టంతో చేసేది, అతని చేత బలవంతంగా చేయించేది కాదు. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకుంటే మిగిలిన చిక్కుముడి చాలావరకు వీడుతుంది. దీనికి మళ్ళీ వస్తాను.

2021 డిసెంబరు చివరలో చేసిన సవరణతో యంత్రాలపై తయారైన జెండాలను, పాలియెస్టర్ జెండాలను కూడా అనుమతించారు. 2022 జూలైలో మరో సవరణతో, ఇంటి మీద గానీ ఆరుబయట గానీ ఎగరేసే జెండాను సూర్యాస్తమయానికి దించనక్కర లేకుండా పగలూ రాత్రీ ఉంచవచ్చన్నారు. ఆ ఏడాది ఆగస్టు 13 నుంచి 15 వరకు ‘హర్ ఘర్ తిరంగా’ పేరుతో ఇంటింటా జెండా కార్యక్రమం జరిగింది, పోస్టాఫీసుల్లో ఒక్కో జెండాను 25 రూపాయలకు అమ్మారు. 2021 సవరణకు ముందు జెండా అంటే చేతితో వడికి, చేతితో నేసిన వస్త్రమే. కర్ణాటకలోని హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో ఉన్న ఖాదీ సంఘం భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపుతో ఆ జెండాలను తయారు చేస్తూ వచ్చింది. పొందూరు ఖద్దరు నేసే చేతుల శ్రమ ఎలాంటిదో ఎరిగిన ఉత్తరాంధ్ర వారికి ఈ మార్పు ఎవరి బతుకును తాకుతుందో విడమరచి చెప్పనక్కర లేదు. ప్రతి ఇంటికీ జెండా అందాలంటే చవకైన గుడ్డ కావాలన్న వాదనలో న్యాయం ఉంది. కానీ స్వాతంత్ర్యోద్యమం జెండా మధ్యలో రాట్నాన్ని నిలిపినది, జెండాకూ దాన్ని నేసే మనిషికీ బంధం ఉండాలన్న ఆలోచనతోనే. ఆ బంధం ఇప్పుడు పలచబడుతున్నదని బాధపడేవారిని ఛాందసులని కొట్టిపారేయడం అన్యాయం.

ఇక నిషేధాల సంగతి. జెండాను అవమానించడాన్ని నేరంగా పరిగణించేది 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం. బహిరంగంగా జెండాను తగలబెట్టినా, చించినా, తొక్కినా, మరో విధంగా అవమానించినా మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు. జెండా మీద అక్షరాలు రాయకూడదు, నడుము కిందకు ధరించే దుస్తుల్లో దాన్ని వాడకూడదు, సైనిక, ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప దేని మీదా కప్పకూడదు. అయితే ఈ చట్టం నేల మీద జెండా పడడాన్ని గురించీ, కాషాయం కిందకు వచ్చేలా కట్టడాన్ని గురించీ చెప్పే చోట ‘ఉద్దేశపూర్వకంగా’ అన్న షరతు పెట్టిందన్నది చాలామంది గమనించరు. సిగ్నల్ దగ్గర అమ్ముకునే పిల్లవాడి చేతిలోంచి గాలికి జారిపడిన జెండా నేరం కాదు. హడావుడిలో తలకిందులుగా కట్టి, ఎవరో చెప్పగానే నొచ్చుకుని సరిచేసుకున్న దుకాణదారుడు నేరస్థుడు కాడు. 2021లో మద్రాసు హైకోర్టు ముందుకు, మూడు రంగుల్లో అలంకరించిన కేకును ఒక వేడుకలో కోశారన్న ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా, ఆ పని వెనుక అవమానించే ఉద్దేశం ఉందా లేదా అన్నదే ప్రధానమని న్యాయమూర్తి భావించి కేసును కొట్టివేశారు. ఫోన్‌తో వీడియో తీసి, ఒక పొరపాటును దేశద్రోహంగా ప్రచారం చేసేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇది.

మరోవైపు, భక్తితోనే చేసినా నియమావళికి విరుద్ధమైన పనులు ఉన్నాయి. మోటారు కారు మీద జెండా ఎగరేసుకునే అధికారం రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్లు, ప్రధానమంత్రి, మంత్రులు, ప్రధాన న్యాయమూర్తి వంటి కొద్దిమంది పదవుల్లో ఉన్నవారికే ఉంది. ఈ సంగతి తెలియక ఆగస్టు 15న బీచ్ రోడ్డులో వందల వాహనాలు జెండాలతో తిరుగుతాయి. పోలీసులు సాధారణంగా చూసీచూడనట్టు ఊరుకుంటారు. అది సబబే గాని, తెలిసినవారు మృదువుగా చెప్పడంలో తప్పు లేదు. ప్లాస్టిక్ జెండాల విషయం వేరు: 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అవి కూడా ఉన్నాయి. కాగితపు జెండాలను ముఖ్యమైన జాతీయ, సాంస్కృతిక, క్రీడా సందర్భాల్లో చేతబట్టుకోవచ్చు, కానీ పని అయ్యాక నేల మీద పారేయకూడదు. ఆగస్టు 16 ఉదయం ఆర్కే బీచ్‌లో పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్ళతో ఊడ్చే చెత్తలో మూడు రంగులు కనిపించినప్పుడు కలిగే నొప్పి మాటల్లో చెప్పలేనిది. వేరే ఎవరి ఇంటి మీద జెండా లేదో లెక్కపెట్టే శ్రద్ధలో సగం తమ చేతిలోని జెండా ఎక్కడికి చేరిందో చూడడం మీద పెడితే ఆ దృశ్యం ఉండదు.

సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికి మరో కష్టం కూడా ఉంది. ఉప్పుగాలికి, ఎండకు గుడ్డ త్వరగా వెలుస్తుంది, అంచులు పీలికలవుతాయి. పగలూ రాత్రీ ఎగరేయవచ్చన్న సడలింపు వచ్చాక చాలా డాబాల మీద జెండా ఒకసారి కట్టి, ఆ తర్వాత మరిచిపోయిన వస్తువుగా మిగిలిపోతోంది. చిరిగిన, వెలిసిన జెండాను ఎగరేయకూడదన్నది నియమం. అలాంటి జెండాను ముక్కలు చేయకుండా, ఏకాంతంలో, వీలైతే కాల్చడం ద్వారా, లేదా దాని గౌరవానికి తగిన మరో పద్ధతిలో పూర్తిగా లేకుండా చేయాలి. జెండాను బహిరంగంగా అవమానిస్తూ కాల్చడం నేరం, పాతబడిన జెండాను గౌరవంగా, చాటుగా కాల్చడం విధి. ఈ తేడా తెలియకే చాలామంది భయపడి పాత జెండాను బీరువాలో దాచేస్తారు, లేదా అలాగే వదిలేస్తారు.

జెండాను నిత్యం వాడుకలో చూసే అవకాశం విశాఖ వారికి ఉన్నంతగా దేశంలో చాలా ఊళ్ళవారికి లేదు. తూర్పు నౌకాదళ ప్రధాన స్థావరం ఇక్కడే ఉంది. నౌకాదళంలో ఉదయం ఎనిమిది గంటలకు పతాకాన్ని ఎగరేయడం, సూర్యాస్తమయానికి దించడం దినచర్య. పండగ రోజైనా, మామూలు రోజైనా, చూసేవారు ఉన్నా లేకపోయినా అది జరుగుతుంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఈ తీరానికి దగ్గరలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. ఆ యుద్ధ విజయానికి గుర్తుగా బీచ్ రోడ్డులో స్మారకం నిలిచి ఉంది. నౌకాదళ కుటుంబాలకు, విశ్రాంత సైనికులకు జెండా మీద ఉన్న పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోవాలంటే ఈ నేపథ్యం తెలియాలి. శవపేటిక మీద కప్పిన జెండాను దగ్గర నుంచి చూసినవారు దాని గురించి తేలిక మాటను సహించలేరు, సహించాలని వారిని అడగనూ కూడదు.

రేవులోకి వచ్చే వాణిజ్య నౌకలు మరో పాఠం చెబుతాయి. సముద్ర న్యాయంలో నౌకకు జాతీయత ఇచ్చేది అది నమోదైన దేశపు జెండా. ఆ నౌక మీద జరిగే వాటికి, నావికుల భద్రతకు, పనిచేసే పరిస్థితులకు ఆ దేశం బాధ్యత వహించాలి. విశాఖ రేవుకు వచ్చే నౌకల్లో పనామా, లైబీరియా వంటి దేశాల జెండాలతో ఉన్నవి కనిపిస్తుంటాయి. యజమానులు వేరే దేశాలవారై ఉండి, పన్నులు, నిబంధనలు తేలికగా ఉంటాయని అక్కడ నమోదు చేయించుకోవడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. అదే సమయంలో విదేశీ నౌక మన రేవులో ఉన్నంతసేపు ఆతిథ్య దేశం పట్ల మర్యాదగా మన మూడు రంగుల జెండాను కూడా ఎగరేస్తుంది. అంటే ఒకే జెండా ఒక చోట బాధ్యతను, మరో చోట మర్యాదను, ఇంకో చోట కేవలం వ్యాపార సౌకర్యాన్ని సూచించగలదు. పైన ఎగిరే గుడ్డను చూసి కింద ఉన్నవారి మనసును చదవగలమన్న నమ్మకం రేవు పట్టణంలో పెరిగినవారికి కొంత తక్కువగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు బలవంతం ప్రశ్నకు వస్తాను. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు బడిలో జాతీయ గీతం పాడుతున్నప్పుడు గౌరవంగా నిలబడినా, తమ మత విశ్వాసం కారణంగా గొంతు కలపలేదు. బడి నుంచి వారిని తొలగించారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. లేచి నిలబడడంతో గౌరవం చూపినట్టేననీ, పాడాలని నిర్బంధించే చట్టం ఏదీ లేదనీ, మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం సహనాన్నే బోధిస్తున్నాయనీ ఆ తీర్పు చెప్పింది. దాన్ని రాసినది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. భావప్రకటన స్వేచ్ఛలో మౌనంగా ఉండే స్వేచ్ఛ కూడా ఇమిడి ఉందన్న సూత్రం ఆ తీర్పుతో బలపడింది. జిందాల్ కేసులో జెండా కట్టడాన్ని భావప్రకటనగా గుర్తించిన తీర్పును దీని పక్కన పెట్టి చదివితే, జెండా కట్టే హక్కూ, కట్టకుండా ఉండే స్వేచ్ఛా ఒకే అధికరణంలోంచి వచ్చాయని తెలుస్తుంది. మొదటిది కావాలనేవారు రెండోదాన్ని కాదనలేరు.

సినిమా హాళ్ళలో జాతీయ గీతం వ్యవహారం ఇదే దారిలో నడిచింది. 2016 నవంబరు 30న సుప్రీంకోర్టు ప్రతి ప్రదర్శనకూ ముందు గీతాన్ని వినిపించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, 2018 జనవరి 9న దాన్ని సవరించి హాలు యజమానుల ఇష్టానికి వదిలింది. ఆ మధ్యకాలంలో దేశంలో పలుచోట్ల లేచి నిలబడని ప్రేక్షకులపై తోటి ప్రేక్షకులు దౌర్జన్యం చేసిన సంఘటనలు జరిగాయి. లేవలేనివారెవరో, లేవనివారెవరో చీకటి హాల్లో పక్క సీటువాడికి ఎలా తెలుస్తుంది? గీతం వినిపించినప్పుడు లేచి నిలబడడం మంచి మర్యాద, నేను ఎప్పుడూ నిలబడతాను. పక్కవాడు నిలబడ్డాడా లేదా అని తల తిప్పి చూడడం మాత్రం ఆ మర్యాదలో భాగం కాదు.

ఈ చర్చలో విశాఖకు దేశమంతటా ఉన్న వాటా ఒకటి ఉంది, అది చాలామందికి తెలియదు. బడుల్లో ఉదయం ప్రార్థన వేళ పిల్లలు చేయి చాచి చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ అన్న ప్రతిజ్ఞను రాసినది పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్గొండ ప్రాంతానికి చెందిన ఆయన, 1962లో విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు దాన్ని తెలుగులో రాశారు. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది నాటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి వెళ్ళింది. 1963లో ఇక్కడి బడిలో పిల్లలు చదివారు, ఆ తర్వాత 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చింది. చైనాతో యుద్ధం జరిగిన ఏడాది రాసిన ఆ ప్రతిజ్ఞలో శత్రువు ప్రస్తావన లేదు. జెండా ప్రస్తావన కూడా లేదు. అమెరికా బడిపిల్లలు చేసే ప్రతిజ్ఞ జెండాను ఉద్దేశించి మొదలవుతుంది. మన ప్రతిజ్ఞ భారతీయులందరూ సహోదరులన్న మాటతో సాగి, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, పెద్దలను గౌరవిస్తానని, అందరితో మర్యాదగా నడుచుకుంటానని చెప్పి, దేశ ప్రజల శ్రేయస్సే నా ఆనందానికి మూలమని ముగుస్తుంది. ఒక ప్రభుత్వోద్యోగి ఈ ఊళ్ళో కూర్చుని రాసిన ఆ కొద్ది వాక్యాలలో దేశభక్తికి పెట్టిన కొలత తోటి మనిషితో మన ప్రవర్తన. నాకు తెలిసినంతలో దీనికంటే మంచి కొలత లేదు.

ఇదే ఊరు దేశభక్తికి మరో రూపం కూడా చూసింది. 1948 మార్చి 14న ఇక్కడి నౌకా నిర్మాణ కేంద్రంలో తయారైన జల ఉష నౌకను నెహ్రూ నీళ్ళలోకి పంపారు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నినాదంతో ఉద్యమం లేచి, కాల్పుల్లో ప్రాణాలు పోయాక గాని కర్మాగారం రాలేదు. 2021లో ఆ కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలన్న కేంద్ర నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ కార్మికులు కూర్మన్నపాలెంలో దీక్షలకు దిగారు. ప్రభుత్వ రంగ పరిశ్రమను కాపాడుకోవడమే దేశసేవ అని వారు నమ్మారు, నష్టాల భారాన్ని ఖజానా మీద నుంచి దించడమే దేశహితమని ఎదుటి పక్షం వాదించింది. ఎవరి లెక్క సరైనదో వేరే చర్చ. ప్రభుత్వ విధానాన్ని వ్యతిరేకించినంత మాత్రాన ఒకరి దేశభక్తిని శంకించడానికి వీల్లేదన్నది మాత్రం 1971 చట్టంలోనే ఉంది. చట్టబద్ధమైన మార్గాల్లో మార్పు కోరుతూ రాజ్యాంగాన్ని గానీ, జెండాను గానీ, ప్రభుత్వ చర్యలను గానీ విమర్శించడం నేరం కాదని ఆ చట్టపు వివరణ స్పష్టంగా చెబుతుంది. జెండాను కాపాడడానికే చేసిన చట్టం, జెండాను విమర్శించే నోటికి కూడా రక్షణ ఇచ్చింది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఎ అధికరణం కూడా పౌరుల విధుల్లో రాజ్యాంగానికి కట్టుబడి ఉండడాన్ని ముందు చెప్పి, ఆ తర్వాతే జెండాకు, గీతానికి గౌరవాన్ని చెప్పింది.

చివరిగా, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, మధురవాడ వంటి చోట్ల ఇప్పుడు ఈ వాదనలకు కేంద్రమైన అపార్ట్‌మెంట్ సంఘాల గురించి. ఫ్లాటు యజమాని తన బాల్కనీలో జెండాను గౌరవంగా కట్టుకుంటానంటే అడ్డుచెప్పడానికి సంఘానికి కారణం లేదు. ప్రతి ఫ్లాటూ కట్టి తీరాలని తీర్మానం చేసినా, కట్టనివారి పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టినా, దానికి 1971 చట్టంలో గానీ పతాక నియమావళిలో గానీ ఆధారం లేదు. ఇన్ని బాల్కనీల్లో ఇన్ని జెండాలను పట్టించుకునే ఓపిక లేని చోట సంఘం తరఫున డాబా మీద ఒకే జెండా పెట్టుకోవడం మెరుగు. పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉన్నాయా, రాత్రి కూడా ఉంచితే చూసుకునేవారు ఎవరు, అంచులు చిరిగితే కొత్తది ఏ ఖర్చు కింద కొనాలి, పాతదాన్ని ఎవరు, ఎక్కడ కాల్చాలి అన్నవి సమావేశంలో ముందే రాసుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు గాలి ముదరక ముందే జెండాను దించవలసిన మనిషి పేరు, అతను ఊళ్ళో లేకపోతే ఆ పని చేయవలసిన మరో మనిషి పేరు ఆ కాగితంలో ఉండాలి.